నాలుగు చీటీల కింద వేలిముద్ర

నేను ఒక గ్రీటింగ్ కార్డుని. పుట్టి తొమ్మిదేళ్లయింది కానీ ఇంతవరకు నన్ను ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. పుట్టినరోజుకు పోలేదు, పెళ్లికి పోలేదు, జబ్బుపడ్డ మనిషిని పలకరించడానికైనా పోలేదు. నేను పోయిందల్లా పరీక్షలకే. ఐదుసార్లు పోయాను. నన్ను చేసిన మనిషి తీసుకెళ్లినప్పుడు తప్పాను. నాతో ఏ సంబంధమూ లేనివాళ్లు తీసుకెళ్లిన నాలుగుసార్లూ మంచి మార్కులతో పాసయ్యాను. మనుషులు పెట్టే పరీక్షల మీద నాకు గౌరవం ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

నన్ను చేసింది రెడ్డిరాణి. రాయచోటిలో ఒక టీచర్ ట్రైనింగ్ కాలేజీలో చదివేది. అక్కడ క్రాఫ్ట్ పరీక్షకు ప్రతి ఒక్కరూ చేత్తో చేసిన వస్తువొకటి పెట్టాలి. అందులో తప్పితే సర్టిఫికెట్ రాదు, సర్టిఫికెట్ లేకపోతే టీచరు ఉద్యోగాల డీఎస్సీకి కూర్చునే వీల్లేదు. ఇంత ముఖ్యమైన పరీక్షకు ఆ కాలేజీలో ఎవరూ ఏమీ చేసేవారు కాదు. సీనియర్లు వదిలేసి పోయిన బొమ్మలు, బుట్టలు, కార్డులు తీసుకుని, వెనక తమ పేరున్న చీటీ అంటించి పెట్టేసేవారు. రెడ్డిరాణి ఒక్కతే దాన్ని నిజంగా చేయాల్సిన పని అనుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ వరండాలో కూర్చుని మొదలుపెట్టింది. పాత పరుపులోంచి స్పాంజి ముక్క కోసి, గుండ్రంగా మలిచి దారంతో కట్టింది. ఆఫీసుల్లో ముద్రలు వేసే స్టాంపు ప్యాడులే ఆమె రంగులు: ఎరుపు, నీలం, ఊదా. స్పాంజిని ప్యాడు మీద అద్ది, ముందు న్యూస్‌పేపర్ మీద ఒత్తి తడి తగ్గించి, అప్పుడు నా అంచు బయటినుంచి లోపలికి గుండ్రంగా, నిమురుతున్నట్టుగా తిప్పింది. గట్టిగా నొక్కితే మరక పడుతుంది. అలా మూడు అట్టలు పాడయ్యాక నాలుగోది నేను. ముందు ఎరుపును పలచగా పులిమితే గులాబీ రంగైంది, దాని మీదికి నీలం, అంచుల్లో ఊదా. ఒక రంగు ఎక్కడ ఆగిందో, ఇంకొకటి ఎక్కడ మొదలైందో నాకే తెలియదు. చింపిన కాగితాన్ని అడ్డం పెట్టి దాని అంచు మీదుగా రంగు అద్దితే కొండలు లేచాయి. వేళ్లు తడిపి నీళ్లు చిలకరించి, గుడ్డతో అద్దితే తెల్లటి చుక్కలు మెరిశాయి. చివర్లో ఎత్తి చూసుకుంటుంటే ఆమె బొటనవేలి ఊదా ముద్ర నా వెనక మూలన పడింది. "అయ్యో" అనుకుని, పేరు చీటీ సరిగ్గా దాని మీదే అంటించింది. పరీక్ష అయిపోగానే, తనను చదివిస్తున్న పిన్నమ్మకు నన్ను ఇస్తానని పక్క మంచం అమ్మాయితో చెప్పింది. నేను ఆ మాట నమ్మాను.

పరీక్షరోజు పొద్దున రెడ్డిరాణి చేతులకు నిమ్మకాయ రుద్ది, సబ్బు రుద్ది, చివరికి ఇటుకపొడి కూడా రుద్ది రంగంతా వదలగొట్టింది. టీచరు కాబోయే మనిషి శుభ్రంగా కనపడాలి కదా!

పరీక్షకు వచ్చిన ఓబులేసు సార్ అప్పటికి ముప్పై వస్తువులు చూశాడు. వంకరటింకరగా ఉన్నవన్నీ చేత్తో చేసినవే అనుకుని మార్కులు వేసుకుంటూ వచ్చాడు. నా దగ్గర ఆగాడు.

"ఏం పాపా, ఇది యాడ కొన్నావు?"

"నేనే చేసినా సార్."

"నువ్వే చేసినావా? ఏదీ, చేతులు చూపీ."

చూపింది. కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

"ఇంకు పని చేసిన చేతులా ఇవి? నా చెవిలో పువ్వు పెడతాండావా?"

"పొద్దున రుద్ది కడుక్కున్నా సార్. నిజంగా నేనే..."

"చాల్లేమ్మా. ఒక్కరికన్నా బుద్ధి రావాల."

ఇరవై ఐదుకు ఆరు వేశాడు. రెడ్డిరాణి హాస్టల్‌కు వచ్చి నా వెనక చీటీని కోపంగా పీకేసింది. అప్పుడు కనపడింది వేలిముద్ర. నన్ను పట్టుకుని చెప్పుల్లేకుండా కాలేజీకి పరిగెత్తింది. సార్ బస్సెక్కి పోయాడు.

ఆ ఏడు డీఎస్సీ పడింది. ఆమె రాయలేకపోయింది. మరుసటి ఏడు కావాలనే ఒక అట్టను వంకరగా కత్తిరించి, రంగు మరకలు మరకలుగా పులిమి తీసుకుపోయింది. అదే ఓబులేసు సార్ మెచ్చుకుని పద్దెనిమిది వేశాడు. ఆమె మళ్లీ స్పాంజి ముట్టలేదు. డీఎస్సీ కూడా మళ్లీ ఏళ్ల తరబడి పడలేదు. ఇక చేసేదేమీ లేక అదే కాలేజీలో క్రాఫ్ట్ టీచరుగా చేరింది. నన్ను మాత్రం ఆరు మార్కులొచ్చిన రోజే హాస్టల్ అటక మీద పడేసి మరిచిపోయింది.

జూనియర్లు మరిచిపోలేదు. ఒకరి తర్వాత ఒకరు నన్ను దించుకున్నారు. చీటీ మీద చీటీ పడింది. నాలుగోది హారిక అనే అమ్మాయిది. ఆమె గదిలోనే ఉండేది నీరజాక్షి. ఆ పిల్ల నన్ను వెలుతురుకు పట్టి గంటలకొద్దీ చూసేది. రంగు ఎక్కణ్ణుంచి మొదలైందో, కొండ అంచు ఎలా వచ్చిందో తనంతట తానే కనిపెట్టింది. వారం రోజులు కష్టపడి తన కార్డు తాను చేసుకుంది. నిజం ఒప్పుకోవాలంటే అది నాకంటే బాగుంది.

పరీక్షలో నన్నూ ఆ కార్డునూ పక్కపక్కన పెట్టారు. ఆ ఏడే మొదటిసారిగా మార్కులు వేయడానికి వచ్చింది రెడ్డిరాణి మేడమ్. నన్ను చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. తిప్పి, మూలన గోరు దూర్చి, నాలుగు చీటీలనూ కలిపి కొంచెం లేపింది. ఊదా రంగు వేలిముద్ర. చూసి మళ్లీ ఒత్తేసింది. ఇప్పుడు చెబుతుంది, ఇది నాది అంటుంది అనుకున్నాను.

"ఎవరమ్మా చేసింది?"

"నేనే మేడమ్" అంది హారిక, రెప్ప వేయకుండా.

మేడమ్ రెండు కార్డులనూ మార్చి మార్చి చూసింది. ఆమె చిక్కు నాకు అర్థమైంది. ఒకే రకం కార్డులు రెండున్నాయి. నేను దొంగ సరుకునని చెబితే నేను మళ్లీ తప్పుతాను. ఎనిమిదేళ్ల కింద దక్కని మార్కులు నాకు దక్కాలంటే నేను అసలుది, రెండోది కాపీ కావాలి.

"నీరజాక్షీ, దీన్ని చూసి కొట్టినావు కదా?"

"చూసి నేర్చుకున్నా మేడమ్. చేసింది మాత్రం నేనే. చేతులు చూడండి మేడమ్." మణికట్టు దాకా నీలం, ఊదా.

"ఇంకు ఎవురైనా పూసుకోవచ్చు. టీచరు కావల్సిన దానివి, ఈ చేతులతో వస్తావా?"

ఆరు వేసింది. సరిగ్గా ఆరు. హారిక పేరు ఎదురుగా ఇరవై ఐదుకు ఇరవై ఐదు. ఆ ఇరవై ఐదు ఎవరికి వేసుకుందో తెలిసింది మేడమ్‌కూ నాకూ మాత్రమే. నన్ను చేసిన చేతులంటే నాకు ప్రాణం. ఆ రోజు మాత్రం వాటిని చూసి అసహ్యం వేసింది.

ఇప్పుడు నేను క్రాఫ్ట్ గదిలో అద్దాల బీరువాలో ఉన్నాను. 'మాదిరి కార్డు, చేసినవారు: హారిక' అని కింద రాశారు. కొత్త పిల్లలు వచ్చి ఎవరు చేశారని అడిగితే, రెడ్డిరాణి మేడమ్ ఆ పేరే చదివి చెబుతుంది. ఇంకేం చెబుతుంది?

మొన్న నీరజాక్షి మళ్లీ పరీక్షకు వచ్చింది. ఈలోగా వచ్చిన డీఎస్సీ ఆమెకూ తప్పిపోయింది. చేతులు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఎవరో సీనియర్ వదిలేసిన వంకర కార్డొకటి బల్ల మీద పెట్టింది. వెనక చీటీకి జిగురు ఇంకా ఆరలేదు. మేడమ్ వేలు ఆ చీటీ మూల దాకా పోయి ఆగింది. ఇరవై ఒకటి వేసింది.

పోతూ పోతూ నీరజాక్షి నా అద్దం ముందు ఒక్క క్షణం నిలబడింది. రంగులు అద్దడం నన్ను చూసే నేర్చుకున్న పిల్ల, చీటీ అంటించడం కూడా నన్ను చూసే నేర్చుకుంది.