కాలరు కింది ఎరుపు

తడిగుడ్డను ప్రింటు హెడ్డు కింద మెల్లగా అద్ది తీశాడు సీమోను. గుడ్డమీద మెజెంటా చారలు ఎక్కడా తెగలేదు. హమ్మయ్య, ఇవాళ మెషీను మంచిమీద ఉంది! శాలిబండలో ఫ్లెక్సులు కొత్తగా వచ్చిన రోజులవి. తన ప్రింటింగు దుకాణంలో పొద్దున్నే దొరికే ఈ చిన్న సంతోషం అతనికి సాయంత్రం దాకా సరిపోయేది.

యాభై దాటిన మనిషి. ఇదివరకు పత్తర్‌గట్టిలో పెళ్ళికార్డులు అచ్చువేసేవాడు. గోళ్ళ చుట్టూ గులాబీ మరక ఎప్పటికీ వదలదు. "చర్చిల చేతులు జోడిస్తే పెండ్లిపిల్ల లెక్క కనవడ్తవ్" అని భార్య రాజమణి నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే అతను మరీ గట్టిగా రుద్దుకోడు.

బ్యాండుమేళం నడిపే సీతారాం ఒక పాత ఎర్రకోటు పట్టుకొచ్చాడు. "కొత్త బ్యానరుకు గిదే రంగు గావాలన్నా. బాపు కోటు. ఆయనకు దమ్ము ఆడ్తలేదు. బండికి కట్టినంక ఒక్కసారి చూస్తనంటున్నడు."

"శివయ్యదా!" సీమోను లేచి నిలబడ్డాడు. తన పెళ్ళిలో క్లారినెట్ ఊదింది ఆయనే. సిగ్గుతో తల ఎత్తని రాజమణికి ఎదురుగా, వెనక్కి వెనక్కి నడుస్తూ, ఆమె ఫక్కున నవ్వేదాకా ఊదాడు.

మచ్చుకు కొట్టిన మొదటి ముక్క నారింజరంగులో వచ్చింది. పసుపు తగ్గిస్తే రాణీరంగు. ట్యూబులైటు కింద సరిగ్గా ఉన్నది ఎండలోకి తెస్తే ఇటుకరంగైంది. ప్రతి ముక్కనూ రోడ్డుమీద కోటు పక్కన పెట్టి చూస్తుంటే ఆటోలు హారన్లు కొట్టాయి.

"ఏంది భాయ్, పొద్దటిసంది ఫ్లెక్సులు ఎండవెడ్తున్నవ్?" అన్నాడు చాయ్ హోటలాయన.

"వడియాలు దొరకలే భాయ్!"

మధ్యాహ్నానికి ఒక ముక్క కోటుతో కలిసిపోయింది.

"ఇగ కొట్టెయ్యన్నా" అన్నాడు సీతారాం.

సీమోను కోటు మడవబోయి కాలరు ఎత్తాడు. ఎండ తగలని ఆ మడతలో గుడ్డ చిక్కటి ఎరుపు. ఆనాటి కోటు అదీ!

"ఇది తమ్మీ, అసలు రంగు. జర ఆగు."

"గదెవనికి ఎరుకన్నా? బాపు ఎదురుచూస్తుండు."

"మీ బాపుకు ఎరుక."

సీతారాం కోటు వంక చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు.

కాస్త నలుపు కలిపాడు. మెజెంటా పెంచాడు. ఎండ గోడలెక్కుతుండగా ఒక ముక్క కాలరు కింద చేరి గుడ్డలో గుడ్డైపోయింది. సీమోను పైకే నవ్వేశాడు. బ్యానరంతా కొట్టి, తడి ఆరీ ఆరకముందే చుట్టి, తనే భుజాన వేసుకుని సీతారాం వెంట నడిచాడు.

ఇంటిముందు బ్యాండువాళ్ళు వాయిద్యాలు నేలమీద పెట్టి నిలబడి ఉన్నారు. గడపలో సీతారాం తల్లి చంద్రమ్మ.

"ఇప్పుడే పాయె కొడుకా. బ్యానరొచ్చిందా అని అడుగుతనే పాయె."

సీతారాం లోపలికి పరుగెత్తాడు. భుజంమీది చుట్టను ఎక్కడ దించాలో సీమోనుకు తెలియలేదు. మధ్యాహ్నం కలిసిన ముక్కే సరిపోయేదేమో.

"నన్ను మన్నించు పెద్దమ్మా, ఆలస్యం నాదే."

చంద్రమ్మ కళ్ళు తుడుచుకుంది. "తెచ్చినవ్ గద బిడ్డా. బండికి కట్టు. రేపు ఆయన ముంగట నడుస్తది."

కట్టాడు. అప్పటికి వెలుగు పోయింది. బల్బు కింద అది ఏ ఎరుపో అతను చెప్పలేకపోయాడు.

లోపలికి వెళ్ళి శివయ్య పాదాల దగ్గర నిలబడ్డాడు. మంచం పక్క కిటికీ గూట్లో ఒక స్టీలు గ్లాసు ఉంది. ఊదేముందు మెత్తబడాలని ఆయన నానేసుకున్న క్లారినెట్ రెల్లుపీక ఆ నీళ్ళలో ఇంకా తేలుతోంది.