పెరటి గోడ మీద మూడు రోజులు

ఆ మూడు రోజులూ అద్దానికి అంటుకున్న పుప్పొడి ఎక్కడిదో ఈ మక్తల్‌లో తనొక్కడికే తెలుసు, తెలిసి నెల దాటింది, అయినా ఏమీ తెలియనట్టు రోజూ ఇవే మెట్లెక్కుతున్నాడు.

ధర్మయ్య దవాఖాన మిద్దె మీదికి చేరి, మోకాలు పట్టుకొని కాసేపు నిలబడ్డాడు. కర్రకు బిగించిన రేకు గొడుగు కింది నుంచి నిన్నటి అద్దపు బిళ్లను అంచులు పట్టి తీశాడు. జిగురు పూసిన కొత్త బిళ్ల పెట్టాడు. పాతదాన్ని కాగితంలో చుట్టి తేదీ వేశాడు: 20 నవంబరు 1961. వారానికోసారి ఏడు బిళ్లలు హైదరాబాదుకు పోతాయి. గాలిలో ఏ చెట్టు పుప్పొడి ఎంత ఉన్నదో అక్కడి డాక్టరు లెక్కపెడతాడు. మగ్గం మీద తెగిన పోగులు అతికిన వేళ్లు అద్దం మీద మరక పడనీయవని, రెండేళ్ల కిందట ఆ డాక్టరే ఇతన్ని ఏరుకున్నాడు.

భాద్రపదంలో మోకాలు వాచి మెట్లెక్కలేకపోయాడు. మూడు రోజులు బిళ్లను తన ఇంటి పెరటి గోడ మీద పెట్టి, కాగితం మీద మాత్రం 'మిద్దె' అనే రాశాడు. దసరాకు ముందు డాక్టరు ఉత్తరం వచ్చింది. ఆ మూడు బిళ్లల మీదా ఆముదపు పుప్పొడి పదింతలున్నది. చెట్లు దగ్గరలోనే ఉండాలి, వెతికి తెలపండి. ఉబ్బసం, దమ్ము ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. దవాఖాన చుట్టూ అలాంటి చెట్టు లేదని ధర్మయ్య జవాబు రాశాడు. ఆ మాట అబద్ధం కాదు.

ఇంటి పెరట్లో ఐదు ఉన్నాయి. భార్య యాదలక్ష్మి వాటి ఆకులే కోసి, నిప్పు మీద వెచ్చజేసి అతని మోకాలికి కట్టింది. కడుతున్నంతసేపూ ఆమె ఛాతీలో ఈల మోగింది. "దవాఖానల నౌకరీ చేస్తవు, నా దమ్ముకు కట్టే ఆకు లేదా నీ తాన?" అని నవ్వింది. తరువాత ఉత్తరం చూశాక, ఆ చెట్లే నీ ఊపిరి తీస్తున్నాయని ఆమెకు ఎలా చెప్పడం? ఉత్తరం వచ్చిన రోజు చెప్పలేదు. మర్నాడు చెబితే నిన్న ఎందుకు చెప్పలేదంటుంది. ఆ తరువాత ప్రతి రోజూ చెప్పవలసినదానికి ఇంకొక రోజు కలిసింది.

మధ్యాహ్నం ఇంటికి పోయేసరికి బావమరిది అంజన్న అరుగు మీద కూర్చున్నాడు. పక్కన బట్టల మూట.

"బావా, అక్కను ఆలంపూర్ తీస్కపోత. గీ ఇంట్ల ఆమెకు ఊపిరాడుతలేదు."

"ఎన్ని రోజులు?"

"నా దమ్మునడుగు," అన్నది యాదలక్ష్మి, మాట మాటకూ ఆగుతూ. "చెట్లకు నీళ్లు పొయ్యి. ఎండినయంటే నీ మోకాలికి మల్ల ఆకు దొరకదు."

ధర్మయ్య నోరు తెరిచాడు.

"జర పైలం," అన్నాడు.

బస్సు పోయింది. తిరిగివచ్చి గొడ్డలి తీశాడు. ఐదు చెట్లకు పది దెబ్బలు. పసుపు రంగు దుమ్ము లేచి చేతి వెంట్రుకల మీద వాలింది. ఇంత సులువా అనిపించింది, సులువైనందుకే భయమేసింది. ఆమె తిరిగొచ్చి మోళ్లు చూసి అడుగుతుంది. పురుగు పట్టిందనవచ్చు. ఆ మాట అప్పుడే నోట్లో తయారై ఉంది.

కార్డు తీసుకొని కూర్చున్నాడు. ఆమెకు చదువు రాదు. అంజన్నే వాకిట్లో అందరూ వినేట్టు చదువుతాడు. పెన్సిలు కొన నాలుకకు అద్దుకొని రాశాడు: "చెట్లు కొట్టేసిన. నీ దమ్ము వాటితోనే. దసరా ముందునుంచే నాకు ఎరుక."

చిరునామా రాసి లేచాడు. పడుకుంటే ఊపిరి అందక ఆమె వీపు ఆనించి కూర్చునే బొంత, చుట్టినది చుట్టినట్టే గోడవార ఉంది, నడుమ లోతు పడి.