ఏడో షరతు

ఆ ఉదయం ముక్కాయనకి కాలు ఒకచోట నిలవలేదు. పట్టణ ప్రణాళికా కార్యాలయం రెండో అంతస్తు వరండాలో గోడవారగా పన్నెండు కుర్చీలున్నాయి. అందులో నాలుగింటిమీద అప్పటికే కూర్చుని లేచాడు. నీళ్ళ కుళాయి దగ్గరికి మూడుసార్లు వెళ్ళి, ఒక్కసారి మాత్రం నీళ్ళు తాగాడు. నోటీసు బోర్డుమీద ఎవరిదో ప్రహరీగోడ తగాదా కాగితం ఉంటే దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాడు. చదివిందేమిటని అడిగితే చెప్పలేడు పాపం.

"నాన్నా, కాస్త కూర్చో. నిన్ను చూస్తుంటే నాకు కాళ్ళు పీకుతున్నాయి," అంది కూతురు, ఒళ్ళోని ఫైల్లోంచి తలెత్తకుండా.

"కూర్చునే ఉన్నాగా," అన్నాడు నిలబడి.

ముక్కాయన అన్న పేరు ఇంట్లో పెట్టింది కాదు. పువ్వులనుంచీ ఆకులనుంచీ సువాసన నూనెలు తీసే ఫ్యాక్టరీలో ఆయన ఇరవై ఆరేళ్ళు బట్టీ దగ్గర పనిచేశాడు. సీసా మూత తీసి ఒక్కసారి పీలిస్తే చాలు, ఏ కొండ పువ్వో, ఎన్నిరోజులు నిలవుందో, బట్టీ మంట ఎక్కువైందో తక్కువైందో ఠక్కున చెప్పేవాడు. యంత్రాలు అటో ఇటో తేల్చలేనప్పుడు మేనేజరు, "ముక్కాయన్ని పిలవండి," అనేవాడు. ఫ్యాక్టరీ మూతపడింది గానీ పేరు మూతపడలేదు. వీధిలో కూరగాయలు అమ్మేవాడు కూడా ఆ పేరుతోనే పిలుస్తాడు.

ఇక అసలు సంగతి చెప్పుకోవాలి. పోయిన చలికాలం ఆయనకి పదిరోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గుతూ తగ్గుతూ వాసనని వెంటబెట్టుకుని పోయింది. ఒకరోజు పొయ్యిమీద పాలు మాడి, గిన్నె నల్లబడి, ఇల్లంతా మాడు వాసన కమ్మినా ఆయన పక్కగదిలో పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. కూతురు పరుగెత్తుకొచ్చి అడిగితే, "కునుకు పట్టేసిందమ్మా," అన్నాడు. అదీ మొదటి అబద్ధం. వారంలో వచ్చేస్తుందిలే అనుకున్నాడు. వారాలు కాస్తా నెలలయ్యాయి. వాసన రాలేదు, చెప్పడానికి నోరూ రాలేదు.

నోరు రాకపోవడానికి కారణం ఉంది. పాలు మాడిన మర్నాడే కూతురు చిన్న సీసా ఒకటి తెచ్చింది. మందుల కంపెనీ లాబొరేటరీలో ఉద్యోగం చేస్తూ, సెలవు పెట్టి మూడు నెలలు పళ్ళసారా తీయడంలో శిక్షణకి వెళ్ళొచ్చింది. బేరిపళ్ళు పులియబెట్టి, తన సొంత పాళ్ళతో, తన చేత్తో తీసిన మొదటి సీసా అది. తండ్రి ముక్కు కింద పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆయనకి తెలిసిందల్లా గాజు చల్లదనం.

"బాగుందమ్మా," అన్నాడు. "చాలా బాగుంది."

ఆ తర్వాతి సోమవారానికల్లా ఆ పిల్ల ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది. పాత లాండ్రీ షెడ్డు అద్దెకి మాట్లాడింది. రాగి బట్టీ చేయించింది. షెడ్డులో బట్టీ నడిపే అనుమతికి పధ్నాలుగు పేజీల దరఖాస్తు నింపింది. అన్నీ ఆ ఒక్క మాట పట్టుకునే.

దరఖాస్తులో పదకొండో పేజీలో 'వాసన నియంత్రణకు చేసిన ఏర్పాటు' అని ఒక గడి ఉంది. పెద్దపెద్ద కంపెనీలవాళ్ళు అక్కడ పొగగొట్టాలో, బొగ్గు వడపోతలో, ఇంకేవో రాస్తారు. మన పిల్ల గుండ్రటి అక్షరాలతో 'మా నాన్నగారు. ఇరవై ఆరేళ్ళ అనుభవం' అని రాసింది. ఎవరైనా చూస్తే నవ్వుతారు. ప్లానింగ్ ఆఫీసరు మాత్రం నవ్వలేదు. ఆవిడ మెడలో ఒక కళ్ళజోడు, ముక్కుమీద ఒక కళ్ళజోడు ఉండే మనిషి. అది చదివి, తిన్నగా షరతుల జాబితాలో ఏడోదిగా ఎక్కించేసింది. బట్టీ నడిచిన ప్రతిరోజూ సదరు తండ్రిగారు గంటకోసారి సరిహద్దు గోడ దగ్గర నిలబడి వాసన చూసి, రిజిస్టరులో సంతకం చేయాలి. ఆ షరతుకి ఒప్పుకుంటున్నట్టు ఇవాళ ప్రణాళికా కమిటీ ఎదుట మొదటి సంతకం పెట్టాలి.

పెట్టకపోతే దరఖాస్తు తిరిగొస్తుంది. కమిటీ మళ్ళీ కూర్చునేది నాలుగు నెలల తర్వాత. అనుమతి చూపిస్తేనే షెడ్డు మీది, లేకపోతే నెలాఖరుకి టైర్ల వ్యాపారికి ఇచ్చేస్తానని షెడ్డాయన ముందే చెప్పాడు. అదండీ ఆయన కాలు నిలవకపోవడానికి కారణం.

కాదు, సగమే కారణం. మిగతా సగం ఆయన చొక్కా జేబులో నాలుగు మడతల్లో ఉంది.

షెడ్డుకి ఆనుకుని దర్జీ ఆవిడ ఇల్లు. ముందుగదిలో మిషను, కిటికీ పక్కనే కత్తిరించే బల్ల. వచ్చిన అభ్యంతరం ఆవిడ ఒక్కదానిదే. కమిటీవాళ్ళు మూడురోజులు బట్టీ నడిపి చూపించమన్నారు, తీసిందంతా ఆఫీసరు ఎదుటే పారబోయించారు. ఆ మూడు రోజులూ దర్జీ ఆవిడ ఏ వాసన ఎన్నింటికి వచ్చిందో, జాకెట్టు కొలతలు రాసుకున్నంత జాగ్రత్తగా రాసి కమిటీకి ఇచ్చింది. ఆ ఉత్తరం నకలే ఆయన జేబులో ఉంది.

'పది నలభైకి గోళ్ళరంగు చెరిపే మందు వాసన. కిటికీ మూశాను. పదకొండూ అయిదుకి బేరిపళ్ళ వాసన. పన్నెండున్నరకి తడిసిన అట్టపెట్టెల వాసన. కిటికీ మళ్ళీ మూశాను.' మూడు రోజులూ ఇదే వరస, నిమిషాల్లోనే తేడా.

ఎవరికైనా అది ఫిర్యాదు. ఆయనకి మాత్రం అది తన తప్పుల పట్టిక. బట్టీలోంచి ముందు వచ్చే ధార ఒంటికి మంచిది కాదు, దాన్ని వేరే పట్టి పారబోయాలి. మధ్యలో వచ్చేదే అసలు సరుకు. చివరిది మళ్ళీ పనికిరాదు. ఎక్కడ గిన్నె మార్చాలో చెప్పేది ముక్కే. మంట దగ్గరే ఉండేవాళ్ళకి పది నిమిషాల్లో ఆ వాసన అలవాటైపోతుంది, బయటికెళ్ళి వస్తూ చూడాలి కాబట్టి, కూతురు ఆ పనంతా తండ్రికే వదిలేసి మంట చూసుకుంది. ఆయన థర్మామీటరు చూసి, ధారని వేళ్ళమధ్య రుద్ది చూసి, మొదటిరోజు పది యాభైనాలుగుకి గిన్నె మార్చి, ఆ టైము బట్టీ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. దర్జీ ఆవిడ ముక్కు ప్రకారం మార్చాల్సింది పదకొండూ అయిదుకి. అంటే పదకొండు నిమిషాలు చెడ్డ ధార మంచిదాంట్లో కలిసింది. గాలిలో వాసన వెంటనే పోదు కదా అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. రెండోరోజు పన్నెండు నిమిషాలు. మూడోరోజు మళ్ళీ పదకొండు. ఇంక సర్దిచెప్పుకోవడానికి ఏం మిగల్లేదు.

పారబోశారు కాబట్టి సరిపోయింది. రేపు సీసాల్లో పోసి, దానిమీద కూతురి పేరు అంటించి అమ్మితే?

"పాత లాండ్రీ షెడ్డు," అని బంట్రోతు తలుపులోంచి కేకేశాడు.

లోపల గుర్రపునాడా ఆకారంలో బల్ల, ఏడుగురు సభ్యులు, నడిమధ్య చెవుల దగ్గర తప్ప ఎక్కడా జుట్టులేని అధ్యక్షుడు. దర్జీ ఆవిడ అప్పటికే వచ్చి కూర్చుంది. మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయినట్టుంది. ఆఫీసరు గడగడా చదువుకుంటూ పోయింది. వీధి వెడల్పు సరే, లారీ తిరగడానికి చోటు సరే, మురుగునీటి గొట్టం సరే, అగ్ని భద్రత సరే. ప్రతి 'సరే'కీ కూతురి భుజాలు ఒక అంగుళం కిందికి దిగుతున్నాయి. ఆయనవి పైకి లేస్తున్నాయి.

"ఏడో షరతు," అంది ఆఫీసరు. "తండ్రిగారు ముందుకొచ్చి సంతకం పెట్టాలి."

వెళ్ళాడు. రిజిస్టరు కొత్తది, అట్టమీద ధర చీటీ కూడా తీయలేదు. పెన్ను అందుకున్నాడు. చెయ్యి కాగితందాకా వెళ్ళింది గానీ కాగితంమీద ఆనలేదు.

"ఏమండీ, పెన్ను రాయట్లేదా?" అన్నాడు అధ్యక్షుడు.

"పెన్ను బాగానే ఉందండి. నా ముక్కే బాగోలేదు. నాకు వాసన తెలీదండి."

"జలుబా?"

"జలుబు కాదండి. చలికాలం జ్వరం వచ్చినప్పట్నించీ అస్సలు తెలీదు. ఇప్పుడు కిరసనాయిలు సీసా తెచ్చి పెట్టినా నీళ్ళే అనుకుంటాను."

ఆయన కూతురి వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని తెలుసు. జేబులోని ఉత్తరం తీసి బల్లమీద పరిచాడు, పక్కన బట్టీ నోటుపుస్తకం పెట్టాడు.

"ఇవి రెండూ పక్కపక్కన చూడండి. నేను గిన్నె మార్చిన టైము ఇది. మార్చాల్సిన టైము ఆవిడ రాశారు. మూడురోజులూ నేనే తొందరపడ్డాను. ఈవిడ రాసింది ఫిర్యాదు కాదండి, నేను చెయ్యాల్సిన పని. నా పేరు కొట్టేయండి. మా అమ్మాయి దరఖాస్తు మాత్రం కొట్టేయకండి, దాని తప్పేం లేదు."

సభ్యులు తలలు దగ్గరికి చేర్చి గుసగుసలాడుకున్నారు. ఆఫీసరు ముక్కుమీది కళ్ళజోడు తీసి మెడలోది పెట్టుకుని రెండు కాగితాలూ వేలితో పోల్చి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దర్జీ ఆవిడ వైపు తిరిగి, వోటింగుకి ముందు షరతులో పేరు మార్చడానికి నియమాలు ఒప్పుకుంటాయి, ఆయన స్థానంలో మీ పేరు పెడతాం, మీకిష్టమైతే చెప్పండి, అంది.

"బావుంది వరస. వద్దని అర్జీ పెట్టినదాన్ని నేను," అంది దర్జీ ఆవిడ.

"అందుకే అడుగుతున్నా."

"నేను ఆపమంటే ఆపాలి మరి."

"రిజిస్టరులో రాస్తే ఆపాల్సిందే," అన్నాడు అధ్యక్షుడు.

దర్జీ ఆవిడ టేపు మెడలోంచి తీసి, చుట్టి, సంచిలో వేసుకుంది. "అయితే పెడతాను సంతకం. బాగోలేని రోజు బాగోలేదనే రాస్తాను. మొహమాటాలేం ఉండవు."

నలుగురు చేతులెత్తారు. ముగ్గురు ఎత్తలేదు. అనుమతి వచ్చింది.

వచ్చిందన్న సంతోషం మాత్రం ఆ తండ్రీకూతుళ్ళ దగ్గరికి రాలేదు. వరండాలో ఇందాకటి పన్నెండు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. ఆయన కూర్చున్నాడు. ఆ రోజు మొదటిసారి కదలకుండా కూర్చున్నాడు. ఇప్పుడు నిలబడింది కూతురు. కిటికీదాకా వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

"చలికాలం అన్నావు," అంది చివరికి.

"ఊఁ."

"నేను సీసా తెచ్చింది చలికాలమే."

ఆయన తల దించుకున్నాడు.

"మరి బాగుందన్నావు నాన్నా. చాలా బాగుందన్నావు."

"నీ మొహం బాగుందమ్మా ఆరోజు. అది చూసి అన్నాను."

"ఆ మాటమీద ఉద్యోగం మానేశాను."

"తెలుసు."

"అయితే అది బాగుందో లేదో అసలు ఎవరికీ తెలీదన్నమాట." లోపలి బల్లమీంచి తీసుకొచ్చిన ఆ ఉత్తరాన్ని మడిచి, మళ్ళీ విప్పింది. "నాకు నా ముక్కుమీద నమ్మకం లేదని, నీదుందని..."

ఆయన గోడవైపు తిరిగాడు.

అప్పుడే దర్జీ ఆవిడ రిజిస్టరు చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. వీళ్ళని చూసి, చూడనట్టు మెట్లవైపు నడిచింది. కూతురు చేతిలో ఆ ఉత్తరం ఇంకా ఉంది. కళ్ళు తుడుచుకుంటూ దాన్నే చూస్తున్నదల్లా ఆగింది.

"ఆంటీ, ఒక్క నిమిషం. పది నలభైకి కిటికీ మూశారు కదా?"

"మూయనా మరి? తల పగిలిపోయింది."

"పన్నెండున్నరకి మళ్ళీ మూశానని రాశారు."

"అవును, రాశాను."

"మళ్ళీ మూశారంటే, మధ్యలో తెరిచి ఉండాలి కదా. ఎందుకు తెరిచారు?"

దర్జీ ఆవిడ ఒక మెట్టు దిగి ఆగింది. మొహంమీది బిగువు ఎక్కడికీ పోలేదు గానీ, సమాధానం చెప్పడానికి మాత్రం కొంచెం సిగ్గుపడింది.

"ఆ పళ్ళ వాసనకే," అంది. "మూడు రోజులూ తెరిచాను. కుట్టుపని కూడా ఆపేసి కూర్చున్నా కాసేపు. అది ఫిర్యాదు కాదుగా, అందుకని రాయలేదు."

సంచి సర్దుకుని దిగిపోయింది. చెప్పుల చప్పుడు కింది అంతస్తుదాకా వినిపించింది.

కూతురు ఆ ఉత్తరాన్ని మడతల్లోనే మడిచి, ఫైల్లో అనుమతి పత్రానికంటే పైన పెట్టుకుంది. వచ్చి తండ్రి పక్క కుర్చీలో కూర్చుంది. కోపం పోలేదు, పోవడానికి చాలా రోజులు పడుతుంది, అది ఆమె మొహంలోనే తెలుస్తోంది. కానీ ఆయన చొక్కా చెయ్యి గుండీ ఊడి వేలాడుతుంటే దాన్ని పీకి తన పర్సులో వేసుకుంది, పోకుండా.

"ముందు డాక్టరు దగ్గరికి పద," అంది. "ఇకనుంచి నాకు చెప్పకుండా తుమ్మినా ఊరుకోను."