చివరి శనివారం జడ

సేవ చేసిన విద్యార్థులకూ సిబ్బందికీ మా కాలేజీలో ఏటా షీల్డులు ఇస్తారు. నేనక్కడ లాబ్ అటెండర్‌ని. ఈసారి ఒక షీల్డు నా చేతుల మీదుగా ఇప్పించాలని ప్రిన్సిపాల్ పట్టుబట్టాడు. దాన్ని అందుకునే పిల్ల కాలేజీ తరఫున శనివారం శనివారం ఆసుపత్రికి వచ్చి, అక్కడ మంచం మీదున్న నా భార్యకు జడ వేసేది.

"నువ్విస్తే నిండుగా ఉంటుందయ్యా."

"ఇస్తాను. మైకు కూడా ఇవ్వండి. ఒక మాట అడగాలి."

ఏ మాటో ఆయన అడగలేదు. మా ఆవిడకు చేతులు పైకి లేచేవి కావు. శుక్రవారం నుంచే దువ్వెన దిండు కింద పెట్టుకునేది. సేవకు వెళ్లినవాళ్లకు ఫొటో చూసే హాజరు వేస్తారు. చివరి శనివారం ఫొటో లేదు. ఆ పిల్ల రాలేదని నోటీసు బోర్డులో చూశాను. అప్పటికి మా ఆవిడ పోయింది. ఎందుకు రాలేదో నలుగురిలో అడగాలి. అంతే.

సభకు కుర్చీలు నేనే వేశాను. ఉపన్యాసాలు తెగడం లేదు, కాళ్లు పీకుతున్నాయి. స్టేజీ మెట్ల దగ్గర ఆ పిల్ల వచ్చి పక్కన నిలబడింది.

"బాబాయ్, నాతో ఎందుకు మాట్లాడట్లేదు?"

"చివరి శనివారం ఎక్కడ చచ్చావ్?"

"వచ్చాను. ఫొటోలు తీసే అన్నకి జ్వరం, రాలేదు. మీరు వరండాలో బెంచీ మీద నిద్రపోతున్నారు. లేపనా అంటే పిన్ని వద్దంది. 'లేస్తే మళ్లీ నర్సు మీద విరుచుకుపడతాడు, కాసేపు వార్డుని ఊపిరి పీల్చుకోనీ' అంది."

అది మా ఆవిడ మాటే. ఈ పిల్లకు కల్పించడం చేతకాదు. ఆవిడ పోయిన రోజున జడ బిగుతుగా ఉంది, చివర నల్ల రబ్బరు బ్యాండు ఉంది. నర్సు వేసిందనుకున్నాను.

"రాలేదని బోర్డులో పెడితే నోరు మూసుకున్నావా?"

"వచ్చానంటే ఫొటో ఏదంటారు. చెప్పడానికి పిన్ని లేదుగా బాబాయ్."

పేరు పిలిచారు. షీల్డు దాని చేతిలో పెట్టాను. మైకు నా ముందుకొచ్చింది. అడగడానికేమీ మిగల్లేదు. కోపం మాత్రం అలాగే ఉంది, దించుకునే చోటు లేదు.

"చివరి శనివారం కూడా వచ్చింది. బోర్డు తప్పు," అన్నాను.

చప్పట్లు అక్కడక్కడా పడ్డాయి. ప్రిన్సిపాల్ నేలచూపులు చూశాడు.

"బాబాయ్, ఫొటో సరిగ్గా పడలేదు. షీల్డు ఇంకోసారి పట్టుకోండి," అన్నాడు కెమెరావాడు.

"పడకపోతే పోనీ."

దిగిపోయాను. ఇంకా కుర్చీలు ఎత్తాలి.