కొస లేని రెక్క

ట్రే అడుగున చేయి పెట్టి తొమ్మిదో కోడిని బయటికి లాగింది మాబున్నీసా. మెడ వాలిపోయింది. కాళ్ళు కట్టెల్లా బిగుసుకున్నాయి. నలిగిన రెట్ట, తడి ఈకలు ఆమె మోచేతి దాకా అంటుకున్నాయి.

“ఇదీ పాయ,” అంది.

అంగడి ముందు భాగంలో కత్తి కడుగుతున్న ఆమె భర్త ఖాసిం వలి వెనక్కి తిరగకుండానే అడిగాడు. “ఎన్నాయె?”

“తొమ్మిది. నిన్న ఏడు. ట్రేకు పది కుక్కితే ఈ ఎండకు యాడ బతుకుతాయి?”

మే నెల. పది గంటలకే మైదుకూరు రోడ్లమీద తారు మెత్తబడింది. అంగడి వెనక రేకుల కింద నిలబడితే నెత్తిన నిప్పుల కుంపటి పెట్టుకున్నట్టుంది. పొద్దున్నుంచి ఆమె కోళ్ళ బొచ్చు పీకుతూనే ఉంది. పీకే మిషన్ ఉంది గానీ కరెంటు లేదు. వేడినీళ్ళ డ్రమ్ము నుంచి లేచే ఆవిరి ముక్కుకు, గొంతుకు, చివరికి తినే అన్నానికి కూడా పట్టేసింది. ఇరవై రెండేళ్ళుగా ఆ వాసనలోనే బతికినా, ఆమె ఇప్పటికీ దానికి అలవాటు పడలేదు.

గోడ మేకుకు వేలాడుతున్న పాత కత్తెర తీసుకుంది. చచ్చిన తొమ్మిదింటినీ వరసగా పరిచి, ఒక్కో కోడి కుడి రెక్క కొసను ఏటవాలుగా కత్తిరించి పారేసింది.

అది ఆమె పెట్టుకున్న గుర్తు. ఏడేళ్ళ కింద ఒక రంజాన్ ముందురోజు గిరాకీ తొందరలో, చచ్చిన కోడి ఒకటి కోసిన వాటిలో కలిసిపోయింది. బిస్మిల్లా అని కత్తి పెట్టకముందే చచ్చినది మురుదారు. తినగూడదు. అది ఎవరింటికి పోయిందో తెలియలేదు. ఖాసిం వలి ఆ సాయంత్రం చికెన్ కొన్న ప్రతి ఇంటికీ వెళ్ళి, పొయ్యి మీది కూరలు పారబోయించి, డబ్బు వెనక్కిచ్చి వచ్చాడు. తెలుగువాళ్ళ ఇళ్ళకు కూడా వెళ్ళాడు. “మా సాబుల సంగతి అటుండనీ, చచ్చిందాన్ని మీరు మాత్రం యాల తినాల?” అన్నాడట. ఆ తర్వాతే అంగడికి గిరాకీ పెరిగింది. వలి కోస్తే భయం లేదనే మాట ఊళ్ళో నిలిచింది. ఆ మర్నాటి నుంచే మాబున్నీసా కత్తెర పట్టుకుంది.

చచ్చినవాటిని ఊరవతల గుంత తీసి సున్నం చల్లి పూడ్చేవాళ్ళు. రెండు నెలలుగా ఆ పని తప్పింది. నీలం డ్రమ్ముల ఆటోతో గోపన్న వస్తున్నాడు. ప్రొద్దుటూరు అవతల చేపల చెరువుకట. కోడికి పది రూపాయలు.

ఊళ్ళోని కోళ్ళ అంగళ్ళన్నీ తిరిగి గోపన్న ఆ రోజూ వచ్చాడు. మూత తీయగానే డ్రమ్ములోంచి ఈగలు బుస్సున లేచాయి. మాబున్నీసా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“ఏమక్కా, మీ కోళ్ళన్నిటికీ కుడిచెయ్యి నరికినట్టుండాదే. దొంగతనం చేసినాయా ఏంది?”

“చేపలకు చెయ్యి లేకుంటే దిగదా?”

“చేపలకేం, ఇనుమేసినా తింటాయి,” అని నవ్వుతూ కోళ్ళను కాళ్ళు పట్టి డ్రమ్ములోకి విసిరాడు. తొంభై రూపాయలు గట్టుమీద పెట్టి పోయాడు.

ఆ డబ్బు ఆమెది. వలి అడగడు. కిందటి నెలే దాంతో కూతురు ముబీనాకు నల్ల బూట్లు కొనింది. బూట్లు లేకపోతే ఉద్యోగంలోకి రానియ్యమన్నారు మరి.

ముబీనా పనిచేసేది నాలుగురోడ్ల దగ్గర కొత్తగా పెట్టిన ‘కరకర చికెన్’లో. అంతకుముందు చీరల అంగట్లో పొద్దస్తమానం నిలబడితే ఐదువేలు ఇచ్చేవాళ్ళు. ఇక్కడ తొమ్మిదిన్నర వేలు. ఏసీ. యజమాని హనుమేష్ ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చి ప్లాట్ల వ్యాపారం చేసినవాడు. రోజుకు నలభై కోళ్ళు ఖాసిం వలి దగ్గరే కోయించుకుంటున్నాడు. కానీ తెరిచి రెండు నెలలైనా సాబుల ఇళ్ళనుంచి ఎవరూ రాలేదు. అందుకని ఒక ఆలోచన చేశాడు. వలి పేరుతో బోర్డు పెడతానన్నాడు. శుక్రవారమైన ఆ రోజే, పెద్ద మసీదులో జుమ్మా నమాజు వదిలే వేళకు వలి భార్యతో వచ్చి అందరూ చూస్తుండగా తినాలన్నాడు.

“మనం ఉత్తనే తిని రావడమేనంట,” అన్నాడు ఖాసిం వలి, ఇంటి పక్క మసీదులో ముందే వదిలే నమాజు ముగించుకొచ్చి, తెల్లచొక్కా చేతులు సర్దుకుంటూ. అతని గొంతులో కాస్త గర్వం ఉంది. “బకెట్టు ముక్కలు ఆరునూరంట మే.”

“ఆరునూర్లకు మన అంగట్లో రెండు కోళ్ళొస్తాయి.”

“నీకన్నీ ఆ లెక్కలే. బిడ్డ పనిచేసే చోటు చూసినట్టయితాది, రా.”

చేతులు సబ్బుతో మూడుసార్లు రుద్దుకుంది. వాసన పోలేదు.

*

అద్దాల తలుపు తోయగానే చల్లటి గాలితో పాటు మరోటి మొహానికి కొట్టింది. మాడిన నూనె కంపు. దానిమీద నిమ్మకాయ సెంటు. గోడల నిండా నవ్వుతున్న కోడి బొమ్మలు. తను తినబడుతున్నందుకు ఏ కోడి అంత నవ్వుతుందో మాబున్నీసాకు అర్థం కాలేదు. తలుపు పక్కన కొత్త బోర్డు: ‘హలాల్. మా కోళ్ళు కోసేది ఖాసిం వలి.’

బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. అయినా బల్ల జిడ్డుగా ఉంది. చేయి ఆనిస్తే మైనంలా పట్టుకుంది. మూల చెత్తడబ్బాలోంచి సగం కొరికిన ఎముకలు, ఎర్రటి సాసు పూసుకున్న కాగితాలు పైకి పొంగి ఉన్నాయి.

“రాండి వలన్నా, రామ్మా, మీదే అంగడి అనుకోండి,” అంటూ హనుమేష్ ఎదురొచ్చాడు. “నమాజు వదిలేలోపల రవ్వంత తింటాండండి. జనమొచ్చినాక మావాడు ఫోటో తీస్తాడు.”

ఎర్ర టోపీ, ఎర్ర ఏప్రాన్ వేసుకున్న ముబీనా బకెట్టు తెచ్చి పెట్టింది. తల్లి చెవి దగ్గర వంగి, “బూట్లు కరుస్తాండాయి మా,” అని నవ్వి కౌంటరు వెనక్కి వెళ్ళింది.

ఖాసిం వలి కాలు ముక్క తీసుకున్నాడు. మాబున్నీసా రెక్క తీసుకుంది. కరకరలాడే పై పెచ్చు తియ్యగా, ఉప్పగా, పిండి పిండిగా ఉంది. రెండు కొరుకులు నమిలి మింగింది. పెచ్చు ఊడి కిందున్న తోలు కనపడింది.

తోలు ఎర్రగా ఉంది.

కోసి నెత్తురు దిగిన కోడి తోలు తెల్లగా ఉంటుంది. దీని కీలు పక్కనున్న నరంలో నెత్తురు నల్లగా గడ్డకట్టి దారంలా కనిపిస్తోంది. ఆమె రెక్కను తిప్పింది. కొస లేదు. ఉండాల్సిన చోట ఏటవాలుగా కత్తిరించిన గుర్తు.

కుడి రెక్క.

కాగితం పరిచి, బకెట్టులోంచి రెక్కలన్నీ ఏరి, తను కొరికినదాంతో కలిపి దానిమీద పెట్టింది. ఆరు. ఎడమవి మూడూ కొసతో ఉన్నాయి. కుడివాటిలో ఒకటి సరిగ్గా ఉంది. రెండింటికి కొసలు లేవు. రెండింటి కోతా ఒకే వాలు.

“తినకుండా పేరుస్తాండావేందే?” అన్నాడు ఖాసిం వలి.

“నోట్లోది ఊసెయ్యి.”

“ఏంది?”

“ఊసెయ్యయ్యా. ఇవి గోపన్నకిచ్చినవి. కత్తెర నాది. నాకు తెలీదా?”

అతను నమలడం ఆపేశాడు. కాగితం మీది రెక్కలను చూశాడు. మెల్లగా టిష్యూ కాగితం నోటికి అడ్డం పెట్టుకుని ఊశాడు. మొహం పాలిపోయింది. అయినా ముందుగా అన్న మాట ఇది: “గమ్మునుండు. గట్టిగా అనొద్దు.”

“గమ్మునుండాల్నా? బయట నీ పేరుండాది.”

“అందుకే. ఊరంతా ఏమంటాది? అమ్మింది మనమే గదా అంటారు.”

తొంభై రూపాయల నోట్లు ఇంకా రవిక లోపల చెమటకు తడుస్తున్నాయి.

ముబీనాను చేయి ఊపి పిలిచింది. “నిన్న ఎన్ని కోళ్ళు వేయించినారు?”

“డెబ్బై. యాల?”

ఖాసిం వలి కోసిచ్చేది నలభై. తల్లి కాగితాన్ని కూతురి ముందుకు జరిపింది. ఏడేళ్ళుగా అంగడి వెనక ఆ కత్తెర చప్పుడు వింటున్న పిల్ల. ముబీనా ఒక రెక్కను వేలితో తిప్పి చూసింది. వేలిని ఏప్రాన్‌కు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

“ఏందమ్మా, రుచి బాలేదా?” హనుమేష్ దగ్గరికొచ్చాడు. కాగితం చూశాడు. అతని నవ్వు పోలేదు గానీ కళ్ళు మారాయి. కుర్చీ లాక్కుని కూర్చుని గొంతు తగ్గించాడు. “ఏమప్పా వలీ, ట్రేలో దానంతటదే చచ్చిందానికీ, నువ్వు మెడ కోసిందానికీ ఏమంత తేడా? నూటెనభై డిగ్రీల నూనెలో వేసినాక పురుగుండదు, జబ్బుండదు. జనాలకు కావాల్సింది కరకర. తిని ఎవురన్నా చచ్చినారా?”

“చేపలకన్నారే?” అంది మాబున్నీసా.

“గోపన్న చెప్పుంటాడు. నేను చెప్పలేదే. దుడ్లు తీసుకున్నది మాత్రం నువ్వేనమ్మా.” బల్లమీది జిడ్డును వేలితో గీస్తూ అన్నాడు. “నేను నలభై తీసుకునేది ఆపితే మీ అంగడి ఎట్ల నడుస్తాదో చూసుకోండి. పాప బాగా పనిచేస్తాండాది. వచ్చేనెల కౌంటరు ఇన్‌చార్జి చేద్దామనుకుంటాండా. అదుగో, నమాజు వదిలినట్టుండారు. వలన్నా, కాలు ముక్క పట్టుకో. ఫోటోకు అదే బాగుంటాది.”

ఖాసిం వలి కాలు ముక్క పట్టుకున్నాడు. ఏడేళ్ళ కింద ఇల్లిల్లూ తిరిగి కూరలు పారబోయించిన మనిషి, ఇప్పుడు ఎవరో చేతిలో పెట్టిన కర్రలా దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. పెచ్చు మీది నూనె అతని తెల్లచొక్కా చేతిమీదికి కారుతోంది. మాబున్నీసా అతన్ని చూడలేకపోయింది. తనను తాను కూడా.

అద్దాల అవతల ఎండలో టోపీలు కనిపించాయి. ఐదారుగురు బోర్డు చదువుతున్నారు. వాళ్ళకంటే ముందు, చిన్నకూతురి చెయ్యి పట్టుకుని శివలీల టీచరు లోపలికి వచ్చింది. ప్రతి ఆదివారం వలి అంగట్లో కిలో చికెన్ కొనే మనిషి.

“వలన్నా, మీరూ ఈడేనా! ఇది పదిరోజుల్నుంచి చంపుతాండాది, పోదాం పోదామని. నీ పేరు చూసినాకే ధైర్యమొచ్చింది.” కౌంటరు దగ్గరికి వెళ్ళింది. “ముబీనా, దీనికి రెక్కలంటే ఇష్టం. నాలుగియ్యమ్మా.”

చిన్నపిల్ల అద్దానికి ముక్కు ఆనించి లోపలి దీపం కింద పోగుపడ్డ ముక్కల్ని చూస్తోంది. మూడో తరగతి ఉంటుంది.

మాబున్నీసా లేచింది. కాగితాన్ని నాలుగు మూలలా పట్టుకుని, రెక్కలు దొర్లిపోకుండా, కౌంటరు దాకా నడిచింది. దాన్ని కూతురి ముందు పెట్టి నిలబడింది.

ముబీనా పట్టుకారు తీసుకుంది. దీపం కిందున్న రెక్కను పట్టుకుని పైకెత్తింది. తిప్పింది. వెనక్కి పెట్టింది. ఇంకొకటి ఎత్తి చూసింది. దాన్నీ పెట్టేసింది. పట్టుకారును కౌంటరు మీద అడ్డంగా పెట్టింది.

“రెక్కలు లేవక్కా,” అంది.

“అదేంది, కనపడతాండాయి గదా!”

“ఏం ముబీనా,” వెనక నుంచి హనుమేష్ నవ్వుతూనే అన్నాడు. “గంపెడు పెట్టుకుని లేవంటావేంది? అవేంది మరి?”

తలుపు తెరుచుకుంది. అత్తరు వాసనతో, బయటి వేడితో నమాజు నుంచి వచ్చినవాళ్ళు లోపలికి అడుగుపెట్టారు. ఫోటో తీసేవాడు ఫోన్ పైకెత్తాడు.

ముబీనా తల్లి మొహంలోకి చూసింది. తల్లి చూపు దించుకోలేదు.

“అవి మాయమ్మ చేపలకని ఇచ్చిన చచ్చిన కోళ్ళు సార్,” అంది ముబీనా, అందరికీ వినపడేటట్టు.

ఫోటో తీసేవాడు ఫోన్ దించేశాడు. ముబీనా వంగి బూట్ల ముడులు విప్పుకోవడం మొదలుపెట్టింది. శివలీల కూతురు మాత్రం ఇంకా అద్దానికి ముక్కు ఆనించే ఉంది. దాని ఊపిరికి అద్దం మీద చిన్న మసక ఏర్పడి, ఆరిపోతూ, మళ్ళీ ఏర్పడుతోంది.