ఎర్ర దారాలు

లింగప్ప సారు మంచం పట్టె మీద కూర్చుని జానతో దారం కొలుస్తున్నాడు. జానకో ముడి వేసి, తొమ్మిది జానలయ్యాక పళ్ళతో తెంపాడు. కత్తెర పక్కనే ఉంది. అయినా ఆయనకు పళ్ళే అలవాటు. యాభయ్యారేళ్ళొచ్చినా ఆ అలవాటు పోలేదు. ఎర్ర దారాలు కొన్ని, తెల్లవి కొన్ని సంచిలో వేసుకుని, మిగిలిన రెండు కండెలనూ మంచం మీదే పెట్టాడు.

గోడకు ఆనుకుని పొద్దుటెండలో కూర్చున్న తండ్రి తిప్పయ్య అంతా చూస్తూనే ఉన్నాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. చూపు మందగించింది గానీ కుతూహలం తగ్గలేదు.

"ఏందప్పా ఆ దారాలు?"

"బోర్ల పాఠం నాయనా. నీళ్ళు పడింటే తెల్లది, పడకుంటే ఎర్రది. జానంటే నూరడుగులు. పిల్లోళ్ళు ఇండ్లల్లో పెద్దోళ్ళను అడుగుకోనొస్తారు."

తిప్పయ్య దారాల సంచి వైపు చూశాడు. తర్వాత అడిగాడు.

"నన్నెప్పుడు బడికి పిల్చకపోతావు లింగా?"

"పోదాంలే నాయనా. ఎండ తగ్గనీ."

ఎండ తగ్గడమట, ఈ సీమలో! ముసలాయన బోసినోటితో నవ్వి ఊరుకున్నాడు. మూడేళ్ళుగా ఆయన అడుగుతూనే ఉన్నాడు, కొడుకు ఎండనో, బండి చెడిందనో, పరీక్షలనో సాకులు చెబుతూనే ఉన్నాడు.

లింగప్ప బడిలో చరిత్ర చెప్పబట్టి ఇరవై ఎనిమిదేళ్ళు. అవార్డూ రాలేదు, పేపర్లో ఫోటో పడిందీ లేదు. పుస్తకం తెరిచి ఒప్పజెప్పించడం మాత్రం ఆయనకు చేతకాదు. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి తాడు పట్టించి నిలబెడతాడు, ముడికో పదేళ్ళు. పెద్దవాళ్ళను తన బండి వెనక ఎక్కించుకుని బడికి తెస్తాడు. ధర్మవరం నుంచి ఒక మగ్గమాయన వచ్చాడు. గొర్రెలు కాసే ముసలాయన వచ్చాడు. కరువులో గంజి కేంద్రం దగ్గర సత్తు గిన్నె పట్టుకుని నిలబడిన అవ్వ వచ్చి పిల్లల్ని ఏడిపించి పోయింది. అందరూ వచ్చారు, ఇంట్లో ఉన్న మనిషి తప్ప. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?

కారణం ఉంది. వేప పంగలకర్ర పట్టుకుని చేలల్లో చెప్పుల్లేకుండా నడిచి, బోరు వేసే జాగా చూపించడం తిప్పయ్య పని. చుట్టుపక్కల నలభై ఊళ్ళలో ఆయన్ను నీళ్ళ తిప్పయ్య అనేవారు. ఎప్పుడో ఒకరి చేనులో ఆయన చూపిన చోట నీళ్ళు బోరుబండి ఎత్తుకు ఎగజిమ్మాయి. ఆ కథ బస్సులో చెప్పాడు, పెళ్ళిళ్ళలో చెప్పాడు, ఆసుపత్రిలో సూది వేసే పిల్లకూ చెప్పాడు. ఎండిపోయినవాటి గురించి ఒక్క మాటా అనేవాడు కాడు. సొంత చేనులో వరసగా నాలుగు బోర్లు నీళ్ళు పడక దుమ్మే లేపాయి, వాటి ఊసే లేదు. పిల్లల ముందు నిలబడి మళ్ళీ అదే గొప్ప చెప్పుకుంటే? 'అది కాదు నాయనా నిజం' అని తానే తండ్రిని దిద్దవలసి వస్తే? ఆ సిగ్గు పడలేక లింగప్ప మూడేళ్ళు నెట్టుకొచ్చాడు.

గుమ్మఘట్ట ఊరు దాటాక ఆయన పనిచేసే బడి. వేపచెట్టుకూ జెండా కొయ్యకూ మధ్య పాత మోకు కట్టాడు. నీళ్ళు తోడే మోటలున్న రోజుల నాటి తాడది. ఎనిమిదో తరగతి పిల్లలు తమ ఇంటి బోరు వేసిన సంవత్సరం దగ్గర నిలబడి, చీటీ చదివి, లోతుకు తగ్గ దారం కట్టాలి. చీటీలో ప్రశ్నలు నాలుగు: ఎప్పుడు వేశారు, ఎంత లోతు, నీళ్ళు పడ్డాయా, జాగా ఎవరు చూపారు. ఆ నాలుగో ప్రశ్న తీసేద్దామని రాత్రి అనుకున్నాడు. చేయి రాలేదు.

మొదటి దారాలు బెత్తెడు కూడా లేవు, అవి బావుల కాలం. తర్వాత జానెడు, మూడు జానలు. రెండువేల సంవత్సరం దాటేసరికి దారాలు నేలకు తగిలి మట్టిలో పడ్డాయి. ఎర్రవే ఎక్కువ. పిల్లలు అల్లరి మానేశారు.

"రెండువేల మూడు. నాలుగు నూర్ల ఇరవై అడుగులు. పడల్యా. చూపిచ్చినాయన నీళ్ళ తిప్పయ్య."

"రెండువేల ఆరు. ఆరు నూర్లు. పడల్యా. నీళ్ళ తిప్పయ్య."

లింగప్ప మోకు బిగించే నెపంతో అటు తిరిగాడు. అశ్విని అనే పిల్ల చీటీలన్నీ వరస పెట్టి చూసి చెప్పింది.

"సార్, పదకొండు ఎర్ర దారాలు ఒకాయన చూపిచ్చినవే. ఆయన మోసగాడా సార్?"

వెనక నుంచి ఓబిలేష్ అందుకున్నాడు. "ఆయన్ని అడక్కుండా ఎట్ల చెప్తావు? రెండు దిక్కులా ఇనల్ల అని సారే చెప్పినాడు గదా."

చెప్పాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా చెబుతున్నాడు. తాను మాత్రం ఒక దిక్కే విని, అది కూడా సగం విని, తీర్పు రాసి పెట్టుకున్నాడు. 

"అడుగుదాం. ఆయన మా నాయన" అన్నాడు.

అశ్విని తల దించేసుకుంది. "తప్పు లేదు పాపా" అన్నాడాయన. "రేపు పిల్చకొస్తా. మీరే అడగండి."

మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి భార్యకు చెప్పాడు: "ఓబమ్మా, నాయన్ను రేపు బడికి పిల్చకపోతానని చెప్పు." ఫోన్ పెట్టేశాక మనసు తేలికపడింది. బడి అన్నంలోకి ఊరుబిండి పచ్చడి రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

సాయంత్రం బండి వీధి మలుపు తిరిగేసరికి తమ గడప ముందు చెప్పులు కనబడ్డాయి. చాలా జతలు. దారిలో ఉండగా ఫోన్ మోగింది గానీ ఆయన బండి ఆపలేదు.

తిప్పయ్యను అప్పటికే చాప మీద పడుకోబెట్టారు. గడ్డం నున్నగా గీసి ఉంది. ఉతికిన పంచె కట్టి ఉంది. తండ్రి పాదాలు ముట్టుకుని లింగప్ప ఓబమ్మ వైపు చూశాడు.

"రేపు బడికంటనే ఈ పొద్దే తయారైనాడు మామ" అంది ఓబమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకుని. "మంగలాయన్ని పిలిపిచ్చుకున్న్యాడు. గోడకు కూచోని, నువ్వు పెట్టి పోయిన దారం కొలుస్తా, తెంపుతా ఉన్న్యాడు. ముందు నాలుగు తెంపి, ఇవి మన చేనులోవి అన్న్యాడు. తర్వాత ఒగో ఊరు పేరూ చెప్పుకుంటా తెంపినాడు. ఎందుకు మామా ఇదంతా, ఆ నీళ్ళు ఎగజిమ్మిన కత చెప్పగూడదా అంటే, పడింది ఎవురైనా చెప్తారు, పడనివి నేనే చెప్పల్ల గదమ్మా అన్న్యాడు. చాయ పెట్టకొచ్చేలోపల తల వాలిపోయింది."

లింగప్పకు ఏడుపు వెంటనే రాలేదు. మూడేళ్ళు అడిగాడు ముసలాయన. గొప్ప చెప్పుకోవడానికి కాదు, తప్పు ఒప్పుకోవడానికి. వినడానికి పిల్లలు సిద్ధంగా ఉన్నారు, చెప్పడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. మధ్యలో అడ్డం నిలబడింది తాను. అప్పుడు వచ్చింది ఏడుపు, పాదాల మీద తల పెట్టేసేంతగా.

ఊరివాళ్ళు ఆయన్ను లేపి మంచం మీద కూర్చోబెట్టారు. చేతికి ఏదో తగిలింది. ఎర్రదారం కండె ఖాళీగా ఉంది. దాని పక్కనే పిడికిట్లో పట్టనంత దారాల కట్ట. కొసలన్నీ పంటి గాట్లు లేకుండా కత్తెరతో తెగి ఉన్నాయి. తండ్రి జాన పెద్దది, అందుకే ముడులు దూరం దూరంగా ఉన్నాయి. అన్నీ ఎర్రవే. అవి విడిపోకుండా కట్ట నడుముకు చుట్టి ముడి వేసిన దారం ఒక్కటే తెల్లది.