వెలుతురు లేని కీర్తన

ఇక ఇంటికి తీసుకెళ్లిపొమ్మని డాక్టరు అన్న సంగతి జ్ఞానమణి ఎవరికీ చెప్పలేదు. "మందులు ఇంట్లనే వాడమన్నరు" అంది అందరితో. చిలకలగూడలోని రెండు గదుల ఇంట్లో, ముందు గదిలో మంచం వేయించి భర్త యుగంధర్‌ను పడుకోబెట్టింది. కాలేయమంతా పాకిపోయిన రోగం. కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. పద్మారావు నగర్‌లో మోటార్లకు వైండింగ్ చేసే అతని షాపు మూతపడింది.

ఆమె ధైర్యమంతా ఒక్క వాక్యం మీద నిలబడింది. కొత్త సంవత్సరం ఆరాధనలో భర్త పేరున తీసిన వాగ్దానపు కార్డు మీద, దీర్ఘాయువు ఇస్తానని దేవుడు చెప్పిన కీర్తన వాక్యం ఉంది. దేవుడు అబద్ధమాడడు. కాబట్టి యుగంధర్ లేస్తాడు.

ఎవరూ చెప్పకపోయినా యుగంధర్‌కు తన ఒంటి సంగతి తెలుస్తూనే ఉంది. అతనికి ఒకటే కోరిక. నోట మాట ఉండగానే, తాను పోతున్నానని కూతురు సృజనకు తానే చెప్పుకోవాలి.

"బిడ్డ ముందట అసొంటి మాట తియ్యకు" అంది జ్ఞానమణి. "అది అవిశ్వాసం."

"మరెప్పుడు చెప్పాలె? పోయినంక ఫోన్ చెయ్యాల్నా?"

"నీకు నవ్వులాటగుంది!"

మంచం పట్టాక అతను బైబిలు మొదటి పేజీ నుంచి చదవసాగాడు. ఇన్నేళ్లూ పాస్టరుగారు చెప్పిన చోటే తెరిచి, మళ్లీ మూసేసేవాడు. ఒకరోజు మధ్యాహ్నం పుస్తకం పట్టుకునే ఓపిక కూడా లేకపోయింది. సృజన కాలేజీకి వెళ్లింది. జ్ఞానమణి పక్కన కూర్చుని, అతను చూపించిన కీర్తన చదివింది.

అందులో ఒక మనిషి రాత్రింబవళ్లు మొరపెడుతున్నాడు. జవాబు లేదు. తనను చచ్చినవాళ్లలో కలిపేశారంటాడు. స్నేహితులు దూరమయ్యారంటాడు. చివర్లో మంచి మాట వస్తుందిలే అని ఆమె ధైర్యంగానే చదివింది. చీకటే తనకు చుట్టమైందన్నాడు. అంతే, తర్వాతి కీర్తన మొదలైంది.

రెండు ఆకులు అంటుకున్నాయేమోనని జ్ఞానమణి వేలితో రుద్ది చూసింది.

"అంతే మణీ. అక్కడికే అయిపోయింది."

"స్తోత్రమేదీ? ఒక్క మంచి మాట సుత లేదేందీ?"

"లేదు. నేను సుత మల్ల మల్ల చూసిన." అతను ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆయనకు కష్టం తీరలే. అయినా దేవునితోనే కొట్లాడిండు. దేవుడు ఆ ఏడుపును తన పుస్తకంల ఉంచుకున్నడు, తీసెయ్యలే. అది చదివినంక నా భయం జెర తగ్గింది. రోగం తగ్గలే, భయం తగ్గింది. నా ఏడుపు సుత ప్రార్థననే. నువ్వే నన్ను ఏడ్వనిస్తలేవు."

"మరి మన వాగ్దానం?"

"కాలిన మోటారును విప్పకుండ పైన రంగేస్తే నడుస్తదా? ఒక్క ముక్క పట్టుకొని కూసున్నవ్. కార్డుల ఉన్న ఆ కీర్తన మొత్తం చదువు. కష్టంల తోడుంటనని సుత ఉంది. కష్టమే రాకపోతే ఇగ తోడెందుకు?"

ఆమె చీకటి కీర్తననే మళ్లీ మొదటి నుంచి అందుకుంది. చచ్చినవాళ్లు లేచి నిన్ను స్తుతిస్తారా అని ఆ మనిషి దేవుణ్ణి అడిగే చోట పుస్తకం పక్కన పెట్టేసింది. మంచం పట్టెకు తల ఆనించి ఏడ్చింది. యుగంధర్ చెయ్యెత్తలేక, ఆమె జుట్టులో వేళ్లు మాత్రం కదిపాడు.

సాయంత్రం సృజన గుమ్మంలో చెప్పులు విప్పుతూ తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

"ఏమైంది మమ్మీ? డాక్టర్ ఫోన్ చేసిండా?"

తగ్గుతుంది అనే మాట అలవాటుగా జ్ఞానమణి నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"డాక్టర్ ఎప్పుడో చెప్పిండు బిడ్డా. ఇగ తగ్గదంట. నేనే దాచిన."

పిల్ల గోడకు ఆనుకుంది. "అయితే రోజూ మనం చేసిన ప్రార్థన?"

"చేద్దాం. ఇయ్యాల సుత చేద్దాం. కానీ ముందుగాల డాడీ నీతోని మాట్లాడుతడంట. దా."

"దగ్గరికి రా" అన్నాడు యుగంధర్. "గట్టిగ మాట్లాడలేను. నీ డిగ్రీ అయ్యేదాంక ఉంటననుకున్న, బిడ్డా..."

సృజన అతని నోటి దగ్గర చెవి పెట్టింది. ఊపిరి అందక అతను మాట మధ్యలో ఆగినప్పుడల్లా తల్లీ కూతుళ్లు ఎదురుచూశారు. ఇద్దరిలో ఎవరూ తొందరపెట్టలేదు.